ఎదురు పన్ను

నాకు మనుషుల మొహాలు గుర్తుండవు, పళ్ళు గుర్తుంటాయి. గొప్ప కోసం చెప్పడం లేదు. దీనివల్ల బస్సుల్లో, బజార్లలో నేను తిన్న చీవాట్లు అన్నీ ఇన్నీ కావు. ఎవరో ఆవిడ ఎదురుపడి, "ఏమ్మా, అప్పుడే మర్చిపోయావా?" అని నిష్ఠూరమాడుతుంది. నేను తెల్లమొహం వేస్తాను. ఆవిడకి ఒళ్ళుమండి నాలుగు మాటలు అంటున్నప్పుడు కింది వరస కనబడుతుంది. పాత ఇంట్లో పక్కవాటా పిన్నిగారని అప్పుడు వెలుగుతుంది నాకు. అప్పటికి ఆవిడ విసవిసా వెళ్ళిపోతూ ఉంటుంది.

నా పని అలాంటిది. డాక్టర్ని కాను. డాక్టర్లు నోట్లో అచ్చు తీసి పంపితే, దానికి సరిపోయే పన్ను చేసి పంపే ల్యాబులో పన్నెండేళ్ళుగా ఉన్నాను. మూడో అంతస్తులో పొడవాటి గది, కిటికీల వెంబడి నాలుగు బల్లలు, మూలన పళ్ళు కాల్చే చిన్న కొలిమి. కొలిమి పక్కన మేష్టారి కుర్చీ. ల్యాబు ఆయనదే. పని నేర్పింది కూడా ఆయనే. డెబ్బై దాటాయి కదా, ఇంటిపట్టున ఉండండి అంటే ఒంటికాలి మీద లేస్తారు. అచ్చుల్లో ప్లాస్టర్ పోసేది పిండిమర. అది అతని పేరు కాదు గానీ, తలనుంచి చెప్పులదాకా తెల్లగా ఉండే మనిషిని ఇంకేమని పిలుస్తాం? పేషెంట్లని మేమెవరం చూడం. పిండిమర పని అయ్యాక మా బల్లల మీదికి ఒక డబ్బా వస్తుంది. అందులో ప్లాస్టర్ దవడలు, ఒక చీటీ. చీటీ మీద నంబరు, ఏ పన్ను, ఏ రంగు. పేరు ఉండదు.

ఆ డబ్బా వచ్చిన సోమవారానికి నా పెళ్ళి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

పెళ్ళికొడుకు లిఫ్టులు బాగుచేస్తారు. మా అక్క చూసిన సంబంధం. "ముప్ఫై నాలుగొచ్చాయే నీకు. ఇంకా ఎవరు దిగొస్తారనుకుంటున్నావ్?" అని ఏడాదిపాటు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన గురించి అది చెప్పిన మంచి ఒక్కటే, పల్లెత్తు మాట అనడని. నిజమే. పల్లెత్తు మాటే కాదు, మామూలు మాట కూడా అనరు. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం కలిసి భోంచేస్తున్నాం. నేను మాట్లాడతాను, ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని వింటారు. అది నాకు చెడ్డగా అనిపించలేదు, మంచిగానూ అనిపించలేదు. అద్దె ఇల్లు చూసినప్పుడు గాలీ వెలుతురూ ఉన్నాయి, ఆఫీసు దగ్గర, ఇంకేం కావాలి అనుకుంటామే, అలా సరే అన్నాను. రిజిస్ట్రారు ఆఫీసులో తేదీ తీసుకున్నాం. కార్డులు సగంమందికి పంచేశాం.

సరే, డబ్బా సంగతి. దాన్ని పంపిన డాక్టరుగారు ఎప్పుడూ పై దవడవి రెండు అచ్చులు పంపుతారు, పన్ను అరగదీయక ముందుది ఒకటి, తొడుగు కోసం అరగదీశాక తీసింది ఒకటి. మొదటిది చేతిలోకి తీసుకున్నాను. ముందు పళ్ళలో ఎడమది సగం లేదు, ఏటవాలుగా విరిగి ఉంది. విరగడం కొత్తేం కాదు, వారానికి పది చూస్తాం. కానీ కుడివైపు కోరపన్ను పక్కదాని భుజమ్మీద ఎక్కి కూర్చుని ఉంది. దాని అవతల గోరు దూరేంత సందు. ఆ విరిగిన ముక్క ఎలా ఉండేదో నాకు తెలుసు. ఆ పన్ను విరగ్గొట్టింది నేనే.

అప్పుడు ఆ పన్నుగల అబ్బాయికీ నాకూ పదిహేడేళ్ళు. ఒకే మేడ, వాళ్ళది మా పైవాటా. సన్నగా, పొడుగ్గా, కాస్త వంగి నడిచేవాడు కాబట్టి నేను కొంగ అనేదాన్ని. నా ముక్కు మీద ఎప్పుడూ కోపం ఉంటుందని వాడు నన్ను మిరపకాయ్ అనేవాడు. సాయంత్రం ఆరేసిన బట్టలు తేవడానికి నేను డాబా మీదికి వెళ్ళడం, వాడు పుస్తకం పట్టుకుని అక్కడ ఉండడం. ఏడాదిపాటు మా ప్రేమంతా డాబా ఇనపతలుపు అవతలే నడిచింది. ఆరోజు నేను వస్తున్నానో లేదో చూద్దామని వాడు వంగి గొళ్ళెం కన్నంలోంచి తొంగిచూస్తున్నాడు. నా రెండు చేతుల్లో ఇంకా ఆరెయ్యాల్సిన బట్టల బకెట్టు. ఎప్పటిలాగే తలుపుని భుజంతో ఒక్క తోపు తోశాను.

ఠంగుమని మోగింది. చూస్తే నోరంతా రక్తం, నేలమీద తెల్లటి ముక్క. కింద మెట్లమీద నాన్న దగ్గు వినపడింది. బకెట్టు అక్కడే వదిలేసి పరిగెత్తాను. మర్నాడు వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. కాలుజారి పడ్డానని వాడు ఇంట్లో చెప్పాడట. వాళ్ళమ్మ మా అమ్మతో, "ముందు పన్ను లేనివాడికి రేపు పిల్లనెవరిస్తారండీ" అని బాధపడుతుంటే నేను తేలు కుట్టిన దొంగలా తలుపుచాటున నిలబడ్డాను. నెల తిరక్కుండా వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. క్షమించమని ఒక్క మాట కూడా చెప్పలేదు నేను. సిగ్గు మొదట్లో రోజుల వయసుది, తర్వాత నెలలది. అది పెరిగినకొద్దీ నోరు పెగలదు.

అందుకే ఈ పనిలో చేరావా అని అడుగుతారేమో. కాదు. ఈ కోర్సు చెప్పే కాలేజీ మా ఇంటి దగ్గర, పైగా చదువులో లెక్కలు లేవు.

పన్ను చెక్కేవాళ్ళకి మేష్టారు మొదటిరోజు నేర్పేది ఒక్కటే: ఎదురు పన్ను చూడకుండా పన్ను చెక్కొద్దు. పై దవడనీ కింది దవడనీ ఇత్తడి కీలుకి బిగించి, నోరు తెరిచినట్టూ మూసినట్టూ ఆడించి చూస్తూ పని చేయాలి. పన్నెండేళ్ళలో నేను తప్పని నియమం అది. ఆరోజు కింది దవడని డబ్బాలోంచి పైకైనా తీయలేదు. నాకు దాంతో పనేముంది? ఆ పన్ను నాకు కంఠతా వచ్చు. అంచున సన్నటి గాడి, వెలుతురులో కొంచెం నీలంగా మెరిసే కొన, పక్కదానికంటే ఒక వెంట్రుకవాసి బయటికి తిరిగిన తీరు. కుంచెతో పొర మీద పొర వేసి, కాల్చి, చెక్కి, మళ్ళీ కాల్చి మూడు రోజులు అదే పనిలో ఉన్నాను. దాస్తే ఏం లాభం, ఆ మూడు రోజులూ నేను వాణ్ణి ప్రేమించాను. పదిహేడేళ్ళప్పుడు ప్రేమించినదానికంటే ఎక్కువే ప్రేమించాను. అప్పుడు పోతుందని తెలీదు కదా.

గురువారం పన్ను వెళ్ళిపోయింది. సోమవారం తిరిగొచ్చింది.

మేష్టారు కళ్ళజోడు సర్దుకుని డాక్టరుగారి చీటీ గట్టిగా చదివారు. "పన్ను చాలా అందంగా ఉంది. పేషెంటు నోరు మూయలేకపోతున్నాడు." పిండిమర ఫక్కున నవ్వి, మేష్టారి మొహం చూసి ఆపేశాడు. మేష్టారు కింది దవడ తీసి తానే కీలుకి బిగించారు. నా పన్ను వెళ్ళి కింది పన్నుకి టక్కున తగిలింది. నోరు ఇంకా తెరిచే ఉంది.

"ఏమిటమ్మాయ్ ఇది? నిన్న చేరినవాళ్ళు కూడా ఇలా పప్పులో కాలెయ్యరు."

"పొరపాటైంది మేష్టారూ."

"ఎదురు పన్ను చూడు. ఇన్నేళ్ళు పైన ఖాళీ ఉంటే అది ఊరుకుంటుందా? పైకి పెరిగింది. పక్కవి కూడా జరిగాయి. నువ్వు చేసిన పన్నుకి ఈ నోట్లో చోటు లేదు."

చీటీలో ఇంకా ఉంది. పేషెంటుకి ఈ పన్నే కావాలట, మార్చడానికి వీల్లేదట. కావాలంటే కింది పన్నుని అరగదీయించుకుంటానంటున్నాడు, మీరేమంటారు, రంగు చూడటానికి రేపు ల్యాబుకి పంపుతున్నాను, దీన్ని చేసింది ఎవరో చూడాలంటున్నాడు. నేను కొలిమి వైపు తిరిగి లేని పని ఏదో వెతుక్కున్నాను.

మంగళవారం పదకొండు గంటలకి వచ్చాడు. వంపు పోయింది, కాస్త పొట్ట వచ్చింది. ఆ మొహమైతే నాకు కొత్తదే. ఎడమచేయి నోటికి అడ్డం పెట్టుకుని మేష్టారికి నమస్కారం చేసి, నా బల్ల దగ్గర ఆగిపోయాడు.

"మిరపకాయ్?"

అలా పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. పళ్ళ రంగు పోల్చే పట్టీ తీసుకుని, "నోరు తెరువు" అన్నాను. పేషెంట్లని 'నువ్వు' అంటున్నందుకు మేష్టారు నావైపు గుడ్లురిమారు.

ఎదురుగా ఉన్న కాఫీహోటల్లో కూర్చున్నాం. తూనికలు, కొలతలు తనిఖీ చేసే ఆఫీసులో ఇన్‌స్పెక్టరట. కొట్లోకి అడుగుపెడితే తక్కెళ్ళు వాటంతట అవే సరవుతాయని చెప్పి నవ్వాడు. నవ్వినప్పుడు చేయి మళ్ళీ నోటి మీదికి వెళ్ళింది.

"ఎందుకు రాలేదు?" అన్నాడు, కప్పు వైపు చూస్తూ.

"భయం వేసింది."

"నీ బకెట్లో తువ్వాలు తీసి నోట్లో కుక్కుకుని అక్కడే కూర్చున్నాను. అరగంట. మళ్ళీ వస్తావని."

"అది మా నాన్న తువ్వాలు. ఎక్కడ పోయిందని ఇల్లంతా వెతికించారు."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నాకు ఏడుపొచ్చింది.

"పన్ను పోయినందుకు కాదు," అన్నాడు. "ఆ మొహంతో నన్ను చూడలేకపోయావేమో అనుకున్నాను. అప్పట్నుంచి ఈ చెయ్యి ఇలాగే. మా ఆవిడ అనేది, నువ్వు నవ్వుతున్నావో దగ్గుతున్నావో తెలీదని."

"ఆవిడ..."

"విడిపోయాం. మూడేళ్ళయింది. పన్ను వల్ల కాదులే." కాఫీ ఒక గుక్క తాగాడు. "మొన్న డాక్టరు అద్దం ఇచ్చాడు. నోరైతే మూతపడలేదు గానీ, అద్దంలో నేనే ఉన్నాను. నన్ను నాకంటే బాగా గుర్తుపెట్టుకున్న మనిషి ఒకత్తి ఉందని అప్పుడే తెలిసింది."

"నా పెళ్ళి ఇంకో పది రోజుల్లో," అన్నాను.

"ఎవరతను?"

"లిఫ్టుల మెకానిక్."

"ఎలాంటివాడు?"

"మంచివాడు."

"ఇంకా?"

ఆలోచించాను. "మంచివాడు," అన్నాను మళ్ళీ.

కప్పు కిందపెట్టాడు. "ఆ పెళ్ళి మానెయ్. అడిగే హక్కు నాకు లేదు, తెలుసు. అయినా అడుగుతున్నాను. కింది పన్ను నేను అరగదీయించుకుంటాను. నువ్వు ఊఁ అను చాలు."

ఊఁ అనలేదు, ఊహూఁ అని కూడా అనలేదు. శుక్రవారం చెప్తానన్నాను. రెండు రోజులు నేల మీద నడవలేదు. అక్క ఫోన్ చేసి భోజనాలకి ఎంతమంది వస్తారో తేల్చమని కేకలేస్తుంటే, "నీ ఇష్టం అక్కా" అన్నాను. నా నోటివెంట ఆ మాట ఎప్పుడూ వినలేదేమో, జ్వరమా అని అడిగింది. మధ్యాహ్నం భోజనాల వేళ కొంగ ఫోన్ చేసేవాడు. డాబా, ఇనపతలుపు, వాళ్ళ చెల్లెలికి అనుమానం వచ్చిన రోజు, వానలో తడిసిన బట్టలు, అన్నీ తవ్వుకునేవాళ్ళం. కడుపు చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం.

గురువారం ఆ అచ్చుని మళ్ళీ ముందు పెట్టుకున్నాను. కింది పన్నుని ఎంత అరగదీయాలో డాక్టరుకి చూపించడానికి, ముందు ప్లాస్టర్ పన్ను మీద మేం అరగదీసి చూపాలి. పెన్సిలుతో గీత గీశాను. ఆకురాయి పెట్టి రెండు రుద్దులు రుద్దాను. తెల్లటి పొడి రాలింది. అక్కడ చేయి ఆగిపోయింది. గట్టి పన్ను అది, పిప్పి లేదు, పగులు లేదు. ఖాళీ ఉంది కాబట్టి పెరిగింది. దాని తప్పేముందని దాన్ని కోస్తున్నాను?

అప్పుడు ఇంకొకటి తట్టింది. మేం మాట్లాడుకున్నదంతా ఆ ఒక్క ఏడాది గురించే. ఇప్పటి ఈ మనిషి దేనికి విసుక్కుంటాడు, ఆ భార్యతో ఎక్కడ చెడింది, పొద్దున్నే లేవగానే ఏం చేస్తాడు, నాకేమీ తెలీదు. ఒకటి రెండుసార్లు తన ఉద్యోగం గురించి చెప్పబోయాడు. నేను మధ్యలో అడ్డొచ్చి మళ్ళీ డాబా మీదికే లాక్కెళ్ళాను. నాకు కావలసింది వాడు కాదు. ఆ తలుపు తోయకముందు ఉన్న నేను కావాలి. వాడికీ అంతే. ఆ ఇద్దరినీ తెచ్చి ఈ వయసులో పెట్టుకోవాలంటే, ఈ పదిహేడేళ్ళలో మాకు పెరిగిన మంచీ చెడూ అంతా అరగదీసుకోవాలి. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఒక పూటంతా పట్టింది. ఏడ్చాను కూడా. ఆ రాత్రికి ల్యాబులోనే ఉండిపోయి, కీలు బిగించి, ఎదురు పన్ను చూసుకుంటూ, కొత్త పన్ను చెక్కడం మొదలుపెట్టాను. కాస్త పొట్టిది, గాడి లేనిది.

శుక్రవారం కొంగ ల్యాబుకి వచ్చాడు. కొత్త పన్ను తాత్కాలికంగా నిలబెట్టి చేతి అద్దం ఇచ్చాను. చాలాసేపు చూసుకున్నాడు.

"ఇది నాది కాదు."

"ఇప్పటి నీ నోటికి సరిపోయేది ఇదే. మూసి చూడు."

మూశాడు. పళ్ళు మెత్తగా కలిశాయి. మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు. అతనికి అర్థమైంది.

"అయితే వద్దంటావు."

"వద్దంటున్నాను. పన్ను విషయంలోనూ, నా విషయంలోనూ." అద్దం వెనక్కి తీసుకున్నాను. "కొంగా, ఆరోజు పరిగెత్తినందుకు నన్ను క్షమించు. ఇది మాత్రం పదిహేడేళ్ళుగా చెప్పాలనుకుంటున్నాను."

తల ఊపాడు. నేను ముందు చేసిన పన్ను ఇమ్మని అడిగాడు. దూదిలో చుట్టి ఇచ్చాను. చొక్కా జేబులో పెట్టుకుని, చేయి అడ్డం పెట్టుకోకుండా మేష్టారికి నమస్కారం చెప్పి మెట్లు దిగిపోయాడు. నేను ప్లాస్టర్ గదిలోకి వెళ్ళి గోడకి తిరిగి ఏడిస్తే, పిండిమర తన గుడ్డ అందించాడు. దాంతో తుడుచుకుంటే మొహమంతా తెల్లగా అయింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. పెళ్ళికొడుక్కి చెప్పడం ఒక్కటే మిగిలింది. చెప్పకుండా సంతకం పెట్టడం నా వల్ల కాదు. ఇంత నిజాయితీగా చెప్పినందుకు మెచ్చుకుంటారని కూడా లోపల ఎక్కడో ఉంది. అబద్ధమెందుకు?

శనివారం మధ్యాహ్నం ఆయన పనిచేస్తున్న చోటికే వెళ్ళాను. పది అంతస్తుల ఆఫీసు మేడ. పైన లిఫ్టు మోటారు గదిలో ఉన్నారు, లిఫ్టు ఆపేశారు, మెట్లే దిక్కమ్మా అన్నాడు కాపలాదారు. పది అంతస్తులెక్కేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. చిన్న గది. మధ్యలో పెద్ద చక్రం, దాని మీంచి కిందికి దిగే ఇనపతాళ్ళు, జిడ్డు వాసన, ఒకే కిటికీ. ఆయన నన్ను చూసి కంగారుగా లేచి, పెట్టె మీద గుడ్డ పరిచి కూర్చోమన్నారు. నేను నిలబడే అంతా చెప్పాను. తలుపు దగ్గర మొదలుపెట్టి దూది దాకా, ఏదీ దాచలేదు. రెండు రోజులు నేల మీద నడవలేదని కూడా చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నారు. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయి, ఇంకా తుడుస్తూనే ఉన్నారు.

"మీరేమైనా అనండి," అన్నాను.

"ఒకటి అడుగుతాను. చెప్తావా?"

"అడగండి."

"నా పళ్ళెలా ఉంటాయి?"

ఆయన పెదవుల వైపు చూశాను, మూసే ఉన్నాయి.

"అతని పన్ను ప్లాస్టర్‌లో చూసి పోల్చుకున్నావు," అన్నారు. "పదిహేడేళ్ళ తర్వాత. నేను నాలుగు నెలలుగా నీ ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాను."

కళ్ళు మూసుకుని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. ఆయన పళ్ళెం గుర్తుంది, నీళ్ళగ్లాసు పట్టుకునే తీరు గుర్తుంది. నోరు గుర్తులేదు. బస్సులో ఎదురు సీట్లో ఆవలించినవాడి వరస నెల తర్వాత కూడా చెప్పగలను నేను.

"తెలీదు," అన్నాను.

ఆయన తల పంకించారు. "నీకు కింది వరసలో ఎడమవైపు ఒకటి కొంచెం లోపలికి ఉంటుంది. గట్టిగా నవ్వితేనే కనిపిస్తుంది. నాలుగు నెలల్లో అలా నవ్వింది రెండుసార్లే. లిఫ్టులు బాగుచేసుకునేవాణ్ణి, ఇదంతా నాకెందుకు గుర్తుండాలి?"

సిగ్గుతో చచ్చిపోయాను. మెచ్చుకోలు కోసం పది అంతస్తులెక్కి వచ్చాను! కొంగ "ఎలాంటివాడు" అని అడిగితే నా దగ్గర ఒక్క మాటే ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. అతన్ని వద్దనుకున్నాను గానీ, ఈయన్ని కావాలనుకోలేదు నేను. ఎప్పుడూ అనుకోలేదు.

"ఆ తేదీకి పెళ్ళి వద్దు," అన్నాను.

ఆయన చేతిలో గుడ్డ ఆగింది.

"అతని కోసం కాదు. మిమ్మల్ని ఒక్కసారైనా సరిగ్గా చూడకుండా సంతకం పెడితే మీకు అన్యాయం చేసినట్టవుతుంది. నాకు రెండు నెలలు కావాలి."

"మొత్తానికే వద్దనుకుంటే ఇప్పుడే చెప్పేసెయ్!" గొంతు పెంచారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. "సగం సగం మాటలు నాకొద్దు. కార్డులు వెనక్కి తీసుకోవడం నేను ఇంతకుముందోసారి చూశాను. మళ్ళీ చూడలేను!"

అరుస్తున్న ఆ నోట్లో ఏదో కనిపించింది.

"నోరు తెరవండి," అన్నాను.

"ఏమిటి?"

"ఒక్కసారి. కిటికీ వైపు తిరగండి."

నాకు పిచ్చెక్కిందనుకున్నారేమో, అయినా పెట్టె మీద కూర్చుని తెరిచారు. గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి తిప్పాను. వెడల్పాటి పళ్ళు, తీరైన వరస. కానీ అంచులన్నీ చదునుగా అరిగిపోయి ఉన్నాయి. కోరపళ్ళకి మొనలే లేవు. ఇది ఒక నెలలో వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి దవడలు బిగించి, బయటికి రాబోయే మాటని లోపలే నలిపేసేవాళ్ళకి ఇలా అవుతుంది. ఇలాంటి అచ్చు వస్తే మేష్టారు చేతిలో తిప్పి చూసి, "పాపం, ఎవరో" అంటారు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏది?"

"ఇలా పళ్ళు బిగబట్టుకుని ఉండటం."

నోరు మూసుకున్నారు. తాళ్ళ వైపు తిరిగారు. "ఎనిమిదేళ్ళు," అన్నారు. "అప్పుడో సంబంధం కుదిరింది. కార్డులు కూడా పంచాం. పెళ్ళికి వారముందనగా ఆ అమ్మాయి కబురు పంపింది. ఇతను మరీ వాగుతాడు, తల పగిలిపోతోంది, నేను చేసుకోలేనని. నిజమే, వాగేవాణ్ణి. నోటికి మూతే ఉండేది కాదు." నవ్వబోయి మానేశారు. "మీ అక్క వచ్చి, మాట్లాడనివాడని మిమ్మల్ని అందరూ మెచ్చుకుంటున్నారండీ అంది. ఇంకేం మాట్లాడతాను? ప్రతి ఆదివారం నీకు చెప్పాలని ఏదో ఒకటి అనుకుని వచ్చేవాణ్ణి. ఎదురుగా కూర్చోగానే భయం వేసేది, నువ్వు కూడా పోతావేమోనని."

నాకు దుఃఖం ఆగలేదు. మా అక్క అంత గొప్పగా చెప్పిన మంచితనమంతా భయమే. నేను దానికి సరే అన్నాను. ఆయన పక్కనే, జిడ్డు నేల మీద కూర్చున్నాను. ఈయన్ని ప్రేమించడం నేనింకా మొదలుపెట్టలేదు. మొదలుపెట్టాలని మాత్రం, ఆ గదిలో, ప్రాణం పోయేంత బలంగా అనిపించింది.

"రెండు నెలలు," అన్నాను. "నేనెక్కడికీ పోను."

"మీ అక్కకి ఎవరు చెప్తారు?"

"మీరే చెప్పండి. మాటలొచ్చుగా."

ఈసారి నవ్వారు. గోడ మీద ఫోన్ మోగింది. ఎత్తితే కాపలాదారు గొంతు నాక్కూడా వినపడింది, కింద జనం పోగయ్యారు సార్, లిఫ్టు ఎప్పుడొదుల్తారు అని.

"ఇంకాస్త సేపు మెట్లెక్కమను," అని పెట్టేశారు.

"ఆదివారాలు నాకేం చెప్పాలనుకునేవారు?" అన్నాను.

"బోలెడు."

"మొదటి ఆదివారం నుంచి చెప్పండి."

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. నేను ఆయన నోటివైపే చూస్తూ కూర్చున్నాను.